మూత్రంలో మంట మళ్ళీ మళ్ళీ వస్తుంటే: ఇంట్లో స్ట్రిప్పా, మామూలు యూరిన్ టెస్టా (సీయూఈ), కల్చరా?

మందుల షాపుల్లో ఇప్పుడు యూరిన్ స్ట్రిప్పులు, అంటే మూత్రంలో ముంచితే గడుల రంగు మారే పట్టీలు, దొరుకుతున్నాయి. ఆన్‌లైన్‌లో అయితే ఫోన్ కెమెరాతో చదివే కిట్లు కూడా అమ్ముతున్నారు. "ఇది కొనిపెట్టుకుంటే ప్రతిసారీ మీ దగ్గరికి రావాల్సిన పని లేదు కదమ్మా" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. నేను కావలిలో ఒక ల్యాబులో శాంపిల్స్ తీసుకునే మనిషిని కాబట్టి నా మాట ల్యాబు వైపే మొగ్గుతుందని మీకు అనిపించవచ్చు. అయినా స్ట్రిప్పు పనికిరానిదని మాత్రం అనను. కల్చర్‌కు, అంటే మూత్రంలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్షకు, ఎప్పుడు పరుగెత్తాలో అది చెప్పగలదు. ఏ బిళ్ళ వేసుకోవాలో చెప్పడం దాని చేత కాదు. మంట వదలకుండా వేధిస్తున్నవాళ్ళకు కావాల్సింది ఈ రెండో జవాబే.

## కొనేముందు తేల్చుకోవాల్సినవి

మీది నిజంగా తిరగబెట్టే రకమేనా? ఆరు నెలల్లో రెండుసార్లు గానీ, ఏడాదిలో మూడుసార్లు గానీ ఇన్ఫెక్షన్ వస్తే డాక్టర్లు దాన్ని రికరెంట్ అంటారు. మన వైపు ఈ లెక్క రాసిపెట్టుకునేవాళ్ళు తక్కువ. "ఈ ఏడాది ఎన్నిసార్లు వచ్చింది పెద్దమ్మా?" అంటే, "రొట్టెల పండగప్పుడు ఒకసారి, సంక్రాంతికి ఒకసారి... వేడి చేసిందిలేమ్మా, సబ్జా గింజలు తాగితే సర్దుకుంది" అంటారు. పండగల లెక్కయినా మంచిదే, క్యాలెండర్ మీద ఒక గీత పెట్టండి చాలు. ఎండల్లో నీళ్ళు తక్కువ తాగి మూత్రం చిక్కబడితే కొంచెం చురుక్కుమనడం మామూలే. నీళ్ళు బాగా తాగినా మంట పోక, మాటిమాటికీ వెళ్ళాలనిపిస్తూ, వెళ్తే నాలుగు చుక్కలే వస్తుంటే దాన్ని వేడి ఖాతాలో వేయకండి.

తర్వాత, మీకు కావాల్సిన జవాబు ఏది? ఇన్ఫెక్షన్ ఉందా లేదా అనేది ఒక ప్రశ్న, ఏ క్రిమి అనేది ఇంకొకటి, అది ఏ మందుకు లొంగుతుంది అనేది మూడోది. మొదటిసారి వచ్చినవాళ్ళకు చాలావరకు మొదటి ప్రశ్నతో పని అయిపోతుంది. నాలుగోసారి వచ్చినవాళ్ళకు మూడోదే అసలు ప్రశ్న.

ల్యాబు ఎంత దూరంలో ఉంది, ఈసారి ఇప్పటికే ఏదైనా యాంటీబయాటిక్ మింగారా, కడుపుతో ఉన్నారా, షుగర్ ఉందా, వయసు 65 దాటిందా, ఇవన్నీ జవాబును మార్చేస్తాయి. ఖర్చును నేను ఆఖరున పెడతాను. సరిపడని యాంటీబయాటిక్ రెండు కోర్సులు వాడి, మధ్యలో పనికి పోకుండా పోగొట్టుకున్న కూలి కలుపుకుంటే కల్చర్ ఖర్చు ఏమంత కాదు.

ఒక హెచ్చరిక. చలితో జ్వరం, పక్కటెముకల కింద వెనకవైపు నొప్పి, వాంతులు, మూత్రంలో రక్తం, మూత్రం రాకుండా ఆగిపోవడం, పెద్దవాళ్ళు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడటం, వీటిలో ఏది ఉన్నా ఈ పోలికలన్నీ పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్ళిపోండి.

## మూడూ పక్కపక్కన

| | ఇంట్లో స్ట్రిప్పు | సీయూఈ (మామూలు యూరిన్ టెస్ట్) | కల్చర్, సెన్సిటివిటీ |
|---|---|---|---|
| ఏం చెబుతుంది | ఇన్ఫెక్షన్ ఉండవచ్చనే సూచన | పస్ సెల్స్ (చీము కణాలు), రక్తకణాలు, శాంపిల్ శుభ్రంగా ఉందా లేదా | ఏ క్రిమి, ఎంత ఉంది, ఏ మందుకు లొంగుతుంది |
| ఎంతసేపు | 2 నిమిషాలు | అదే రోజు | 2, 3 రోజులు |
| ఖర్చు | ఒక్కొక్కటి చవకే, కానీ డబ్బా మొత్తం కొనాలి | తక్కువ | సీయూఈకి కొన్ని రెట్లు |
| ఎక్కడ తప్పుతుంది | తేమ, ఎండ, నీళ్ళు ఎక్కువ తాగినప్పుడు | ఆలస్యమైన శాంపిల్, తెల్లబట్ట కలిసినప్పుడు | యాంటీబయాటిక్ మొదలుపెట్టాక ఇస్తే |
| ఎవరికి నప్పుతుంది | ల్యాబుకు దూరంగా ఉండి, డాక్టరుతో ముందే మాట్లాడుకున్నవాళ్ళకు | మొదటిసారి లక్షణాలు వచ్చినవాళ్ళకు | తిరగబెట్టే ప్రతి ఒక్కరికీ, గర్భిణులకు, మగవాళ్ళకు |

## ఇంట్లో స్ట్రిప్పు

మామూలుగా దొరికే స్ట్రిప్పు మీద పది గడులుంటాయి. షుగరు, ప్రొటీను, రక్తం, పీహెచ్ వగైరా. ఇన్ఫెక్షన్ కోసం చూడాల్సినవి రెండే: ల్యూకోసైట్, నైట్రైట్. మొదటిది తెల్లకణాలు వదిలే ఎంజైమును పట్టుకుంటుంది. రెండోది, మూత్రంలో ఉండే నైట్రేట్‌ను క్రిములు నైట్రైట్‌గా మార్చాయా అని చూస్తుంది.

మెలిక నైట్రైట్ గడి దగ్గరే ఉంది. ఈ ఇన్ఫెక్షన్లలో ఎక్కువగా కనబడే ఈ.కోలై ఆ మార్పు చేస్తుంది, క్లెబ్సియెల్లా కూడా చేస్తుంది. ఎంటెరోకాకస్ చేయదు. పైగా మార్పు జరగాలంటే మూత్రం దాదాపు నాలుగు గంటలు మూత్రాశయంలో నిలవాలి. మంట పుట్టగానే మనం చేసే పని ఏమిటి? బార్లీ నీళ్ళు, కొబ్బరి నీళ్ళు, మజ్జిగ, గంటకోసారి చెంబెడు నీళ్ళు. అరగంటకోసారి బాత్రూమ్. అలాంటప్పుడు ముంచిన స్ట్రిప్పులో నైట్రైట్ నెగెటివ్ వస్తే దానికి విలువ లేదు. నీళ్ళు మానేయమని దీని అర్థం కాదు. తెల్లవారి లేవగానే వచ్చే మొదటి మూత్రాన్ని పరీక్షించండి, తర్వాత ఎంతైనా తాగండి.

కాబట్టి రెండు గడులూ రంగు మారి, మంట కూడా ఉంటే ఇన్ఫెక్షన్ ఉండే అవకాశం బాగా ఎక్కువ. నైట్రైట్ ఒక్కటే పాజిటివ్ వచ్చినా తేలిగ్గా తీసుకోకూడదు. రెండూ నెగెటివ్ వచ్చి లక్షణాలు గట్టిగా ఉంటే లక్షణాలనే నమ్మండి. ల్యూకోసైట్ ఒక్కటే పాజిటివ్ అయితే అది తెల్లబట్ట కలిసి కూడా రావచ్చు. విటమిన్ సి బిళ్ళలు ఎక్కువగా చప్పరించేవాళ్ళలో రెండు గడులూ తప్పుగా నెగెటివ్ చూపవచ్చు. మంట తగ్గడానికి ఇచ్చే ఫెనజోపిరిడిన్ మూత్రాన్ని నారింజ రంగుకు తిప్పేస్తుంది, దాని మీద గడి రంగులు చదవడం వృథా. మంటకు తాగే ఆల్కలైజర్ (మూత్రంలో ఆమ్లం తగ్గించే) సిరప్ పీహెచ్ గడిని పైకి లాగుతుంది, అది చూసి బెదిరిపోకండి. సిరప్‌తో మంట కొంచెం చల్లబడుతుంది గానీ క్రిమి పోదు.

ఇక మన కోస్తా బాధ. డబ్బా మీద 2 నుంచి 30 డిగ్రీల మధ్య, తేమ తగలకుండా ఉంచమని రాసి ఉంటుంది. మే నెలలో నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ఏసీ లేని ఇంట్లో 30 డిగ్రీలు ఎక్కడివి? ఫ్రిజ్‌లో పెడితే బయటికి తీసిన ప్రతిసారీ తేమ పట్టుకుంటుంది. మూత సరిగా పెట్టని డబ్బాలో నైట్రైట్ గడి మూత్రం తగలకుండానే గులాబీ రంగుకు తిరిగిపోతుంది. అందుకే వంద స్ట్రిప్పుల డబ్బా చవకని కొనకండి. ఒక్కో స్ట్రిప్పు విడిగా రేకులో చుట్టి వచ్చే రకం ఖరీదు ఎక్కువైనా అదే తీసుకోండి. ముంచే ముందు గడుల రంగు చూడండి, ఎండు స్ట్రిప్పే గులాబీగా కనబడితే పారేయండి.

ముంచే పద్ధతి కూడా చెబుతాను, ఇక్కడే చాలామంది తొందరపడతారు. శుభ్రమైన పొడి గిన్నెలో మూత్రం పట్టి, స్ట్రిప్పును పూర్తిగా ముంచి వెంటనే తీయాలి. పక్క అంచును టిష్యూకి ఆనించి ఎక్కువైన తడి తీసేసి, అడ్డంగా పట్టుకోవాలి. నిలువుగా పట్టుకుంటే ఒక గడి రసాయనం పక్క గడిలోకి జారుతుంది. సాధారణంగా నైట్రైట్‌ను 60 సెకన్లకు, ల్యూకోసైట్‌ను 2 నిమిషాలకు చదవాలి, మీ డబ్బా మీద వేరేగా ఉంటే అదే లెక్క. పగటి వెలుతురులో చూడండి. పది నిమిషాల తర్వాత వచ్చే రంగుకు అర్థం లేదు.

ఫోన్ కిట్లలో ఉండేదీ ఇలాంటి స్ట్రిప్పే. రంగు పోల్చే పని కెమెరా చేస్తుంది, కళ్ళు సరిగా ఆనని పెద్దవాళ్ళకు అది మేలే. తేమ పట్టిన స్ట్రిప్పును, పలచబడ్డ మూత్రాన్ని కెమెరా బాగు చేయలేదు. అంతకు మించి దానికి డబ్బు పెట్టడం నాకు అనవసరమనిపిస్తుంది.

## సీయూఈ

మన ఊళ్ళలో యూరిన్ టెస్ట్ అంటే ఇదే. మైక్రోస్కోపు కింద ఒక ఫీల్డులో 0 నుంచి 5 వరకు పస్ సెల్స్ మామూలు. రిపోర్టు చేతికి రాగానే అందరి చూపూ ఆ ఒక్క లైను మీదే. కింద ఉన్న ఎపిథీలియల్ సెల్స్ లైను కూడా చదవండి. అవి గుంపులుగా ఉన్నాయంటే చర్మం మీదివి, యోని దగ్గరివి శాంపిల్‌లో కలిశాయని. అలాంటి రిపోర్టులో పస్ సెల్స్ 10 ఉన్నా 15 ఉన్నా అది మూత్రాశయం సంగతేనని చెప్పలేం, మళ్ళీ శుభ్రంగా పట్టి ఇవ్వాలి.

స్ట్రిప్పు కంటే ఇది మేలు ఎందుకంటే మనిషి కళ్ళతో చూస్తాడు. రక్తకణాలు, స్ఫటికాలు కనబడితే రాళ్ళ అనుమానం వస్తుంది. అయినా క్రిమి పేరు మాత్రం ఇదీ చెప్పదు. తిరగబెట్టే కేసులో సీయూఈ ఒక్కటే చేయించి మందు మార్చుకుంటూ పోవడం నేను రోజూ చూసేదే. మూడు రిపోర్టులు, మూడు యాంటీబయాటిక్కులు, ఒక్కసారి కూడా క్రిమి ఏదో తెలియదు.

## కల్చర్

శాంపిల్‌ను ప్లేటు మీద రాసి, పెరిగిన క్రిమిని గుర్తించి, దాని మీద మందులు పరీక్షిస్తారు. రిపోర్టులో క్రిమి పేరు, మిల్లీలీటరుకు ఎంత ఉందన్న లెక్క, కింద మందుల పట్టిక ఉంటాయి. ఎస్ అంటే లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు, ఐ మధ్యస్థం. లక్ష పైన ఉంటేనే ఇన్ఫెక్షన్ అనే పాత లెక్క ఇంకా నడుస్తోంది గానీ, మంట ఉన్న ఆడవాళ్ళలో అంతకంటే బాగా తక్కువ ఉన్నా అది నిజమైన ఇన్ఫెక్షన్ కావచ్చు. ఆ సంగతి డాక్టరుతో మాట్లాడండి.

తిరగబెట్టేవాళ్ళకు దీని అసలు విలువ రెండోసారి, మూడోసారి తెలుస్తుంది. పాత రిపోర్టును కొత్తదాని పక్కన పెడితే, మందు పూర్తయిన రెండు వారాల లోపే అదే క్రిమి, అదే మందుల పట్టికతో మళ్ళీ వచ్చిందా, లేక కొన్ని నెలల తర్వాత వేరే క్రిమి వచ్చిందా అని కనబడుతుంది. మొదటిదైతే అది లోపలే ఎక్కడో దాక్కుని ఉందని అనుమానించాలి. కిడ్నీలో రాయి ఉందా, మూత్రం పూర్తిగా ఖాళీ అవుతోందా, మగవాళ్ళలో ప్రోస్టేట్ ఎలా ఉందో చూడాలి, అంటే స్కానింగ్ దారి. రెండోదైతే బయటి నుంచి మళ్ళీ మళ్ళీ ఎక్కుతోందని, అక్కడ నివారణ దారి. ఎన్ని స్ట్రిప్పులు ముంచినా ఈ తేడా తెలియదు.

పట్టికలో ఎస్ ఉన్న మందును మీరే ఎంచుకుని షాపులో అడగకండి. నైట్రోఫ్యురాంటాయిన్‌కు చాలాసార్లు ఎస్ వస్తుంది. అది మూత్రాశయం వరకే పనిచేస్తుంది, జ్వరంతో కిడ్నీకి ఎక్కిన ఇన్ఫెక్షన్‌కు చాలదు. కిడ్నీ పనితీరు బాగా తగ్గినవాళ్ళకు సరిగా పనిచేయదు కూడా. ఫ్లోరైడ్ నీళ్ళతో, కిడ్నీ జబ్బుతో సతమతమయ్యే కనిగిరి వైపు నుంచి వచ్చేవాళ్ళు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు కూడా డాక్టరుకు చూపించాలి.

మొదటి బిళ్ళ వేసుకోకముందే శాంపిల్ ఇవ్వాలి, ఇది తప్పనిసరి. షాపులో అడిగి తెచ్చుకున్న నాలుగు బిళ్ళలు మింగి మూడో రోజు కల్చర్‌కు వస్తే "నో గ్రోత్" అని రావచ్చు. జబ్బు లేదని సంతోషిస్తారు, వారానికి మళ్ళీ మంట. యాంటీబయాటిక్ చీటీ లేకుండా అమ్మడం చట్టం ఒప్పుకోదు, అయినా మన సెంటర్లలో అడిగితే దొరుకుతుందని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

శాంపిల్ సంగతి. ఉదయగిరి వైపు నుంచి ఒకాయన భార్య శాంపిల్ తెచ్చాడు. టానిక్ సీసాలో పట్టి, జేబులో పెట్టుకుని, ఎండలో రెండు గంటలకు పైగా బస్సులో వచ్చాడు. ఈ.కోలై లాంటి క్రిమి అనువైన వేడిలో 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. అంటే రెండు గంటల్లో ఒకటి 64 అవుతుంది. అలాంటి శాంపిల్ ప్లేటు మీద పెడితే వచ్చే లెక్క బస్సుదే గానీ ఆమెది కాదు. తిప్పి పంపక తప్పలేదు. ల్యాబు ఇచ్చే స్టెరైల్ (క్రిములు లేని) డబ్బా ముందే తీసుకెళ్ళి ఇంట్లో ఉంచుకోండి. ముందు భాగం మంచినీళ్ళతో కడుక్కుని, డెట్టాల్ లాంటివి వాడకుండా, మడతలు వేళ్ళతో విడదీసి పట్టుకుని, మొదటి ధార వదిలేసి మధ్య ధార పట్టండి. రెండు గంటల్లో ల్యాబుకు చేరాలి. చేరదనుకుంటే ఫ్రిజ్ కింది అరలో ఉంచి, ఐసు వేసిన ఫ్లాస్కులో తేవాలి, ఫ్రీజర్‌లో పెట్టకూడదు. దారిలో క్రిములు పెరగకుండా బోరిక్ యాసిడ్ పొడి వేసిన డబ్బాలు కొన్ని ల్యాబుల దగ్గర ఉంటాయి, దూరం నుంచి వచ్చేవాళ్ళు అడిగి తీసుకోండి.

ఇంటికొచ్చి తీసుకెళ్ళే సౌకర్యం వాడుకునేవాళ్ళు ఒక్క మాట అడగాలి: "ప్లేటు ఇక్కడే వేస్తారా, బయటికి పంపుతారా?" చిన్న సెంటర్లలో చాలా శాంపిల్స్ చెన్నైకో హైదరాబాదుకో పోతాయి. పంపినా తప్పు లేదు, ఐసులో పోతోందా అన్నదే ముఖ్యం. నెల్లూరు పెద్దాసుపత్రికి, ఒంగోలు రిమ్స్‌కు మెడికల్ కాలేజీలు ఉన్నాయి కాబట్టి మైక్రోబయాలజీ విభాగాలూ ఉంటాయి. ప్రైవేటు ఖర్చు భారమైతే అక్కడి ఓపీలో రాయించుకోవచ్చు.

పెద్ద నగరాల ల్యాబుల్లో క్రిముల డీఎన్ఏను వెతికే పీసీఆర్ ప్యానెల్ కూడా చేస్తున్నారు. త్వరగా వస్తుంది. చచ్చిన క్రిమి డీఎన్ఏను, ఊరికే ఉన్న క్రిమి డీఎన్ఏను కూడా పట్టేస్తుంది కాబట్టి లేని జబ్బుకు మందు మింగే ప్రమాదం ఉంది. మొదటి ఎంపికగా వద్దు.

## మీకు ఏది?

నెల్లూరు, కావలి, ఒంగోలు లాంటి ఊళ్ళో ఉండి, ఏడాదిలో మూడోసారి వచ్చినవాళ్ళు: స్ట్రిప్పు కొనకండి. ల్యాబు పక్కనే ఉన్నప్పుడు అది మధ్యలో ఒక మెట్టు అనవసరంగా పెంచుతుంది. లక్షణం మొదలైన రోజే కల్చర్ ఇచ్చి, డాక్టరు చెప్పిన మందు మొదలుపెట్టి, రిపోర్టు వచ్చాక అవసరమైతే మార్చుకోండి.

ఉదయగిరి, సీతారామపురం, చంద్రశేఖరపురం లాంటి దూరపు పల్లెలవాళ్ళు: స్ట్రిప్పు నిజంగా అక్కరకొచ్చేది మీకే. అయితే ఒక ఏర్పాటు ఉండాలి. ఇంతకు ముందు కల్చర్‌లో క్రిమి తేలి ఉండాలి, మీ డాక్టరుతో "పాజిటివ్ వస్తే శాంపిల్ పట్టి ఫ్రిజ్‌లో పెట్టి ఫోన్ చేస్తాను" అని ముందే అనుకుని ఉండాలి. ఆ ఏర్పాటు లేకపోతే పాజిటివ్ వచ్చిన స్ట్రిప్పు పట్టుకుని ఆర్ఎంపీ దగ్గరికే పోతారు.

కడుపుతో ఉన్నవాళ్ళు: లక్షణాలు లేకపోయినా మొదటి నెలల్లో ఒకసారి కల్చర్ చేయించాలి. గర్భంలో మంట లేకుండా ఉన్న క్రిమికి కూడా వైద్యం చేస్తారు, వదిలేస్తే కిడ్నీకి ఎక్కే ప్రమాదం ఉంది. ఏఎన్ఎం దగ్గర ముంచే స్ట్రిప్పు అల్బుమిన్, షుగరు కోసం. దాన్ని చూసి ఇన్ఫెక్షన్ పరీక్ష అయిపోయిందనుకోకండి.

65 దాటినవాళ్ళు, మూత్రానికి ట్యూబు (క్యాథెటర్) ఉన్నవాళ్ళు: స్ట్రిప్పు అసలు వద్దు. ఆ వయసులో ఏ బాధా లేకుండానే మూత్రంలో క్రిములు ఉండటం మామూలు, ట్యూబు ఉంటే మరీను. స్ట్రిప్పు ముంచిన ప్రతిసారీ పాజిటివ్, ప్రతిసారీ బిళ్ళలు. లక్షణాలు ఉంటేనే పరీక్ష. నెలసరి ఆగిపోయాక తిరగబెడుతున్న ఆడవాళ్ళు యోనిలో రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము గురించి గైనకాలజిస్టును అడగండి. తిరగబెట్టడం తగ్గించడానికి అది బాగా పనిచేసే మందు, అడగడానికి సిగ్గుపడి వదిలేసేవాళ్ళే ఎక్కువ.

షుగర్ ఉన్నవాళ్ళు: డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం బిళ్ళలు వాడుతుంటే స్ట్రిప్పులో షుగరు గడి ఎప్పుడూ ముదురు రంగే. షుగరును మూత్రంలోకి పంపేయడమే ఆ బిళ్ళ పనిచేసే తీరు. ఆ బిళ్ళలతో బయటి భాగంలో ఫంగస్ వచ్చి దురద, మంట పుట్టవచ్చు. దాన్ని యూరిన్ ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ వాడితే ఫంగస్ ఇంకా పెరుగుతుంది.

మగవాళ్ళు, చిన్నపిల్లలు: ఇంటి పరీక్షలతో కాలయాపన వద్దు, డాక్టరు, కల్చర్.

పొగాకు గ్రేడింగ్‌లో, బట్టల కొట్లలో పొద్దంతా పనిచేసే ఆడవాళ్ళు బాత్రూమ్ లేక నీళ్ళే తాగడం మానేస్తారు. నీళ్ళు తక్కువ తాగే అలవాటున్న, తిరగబెట్టే ఆడవాళ్ళు రోజూ అదనంగా లీటరున్నర తాగితే ఇన్ఫెక్షన్లు తగ్గాయని 2018లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. కిడ్నీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరును అడిగాకే.

## అన్నీ నెగెటివ్, మంట మాత్రం అలాగే

పస్ సెల్స్ ఉంటాయి, కల్చర్ మాత్రం రెండు మూడుసార్లు నో గ్రోత్. ఇలాంటప్పుడు ఇంకో యాంటీబయాటిక్ మీద పడకుండా యూరాలజిస్టును కలవండి. రాయి, లైంగికంగా సోకే ఇన్ఫెక్షన్లు, మన దేశంలో మరచిపోకూడని మూత్రనాళాల టీబీ, అన్నీ ఇలా కనబడవచ్చు. టీబీ క్రిమి మామూలు కల్చర్‌లో పెరగదు, దానికి వేరే పరీక్షలు రాస్తారు. పస్ సెల్స్ కూడా లేకుండా మంట, నొప్పి నెలల తరబడి ఉంటే మూత్రాశయమే నొప్పి పెట్టే జబ్బులు వేరే ఉన్నాయి. వెళ్ళేటప్పుడు పాత కల్చర్ రిపోర్టులన్నీ, వాడిన యాంటీబయాటిక్కుల అట్టలతో సహా తీసుకెళ్ళండి.

తగ్గిపోయాక "పూర్తిగా పోయిందా" అని రోజూ స్ట్రిప్పు ముంచడం కూడా వద్దు. మంట పోతే గర్భిణులు తప్ప మిగతావాళ్ళకు మళ్ళీ పరీక్ష అక్కర్లేదు. ముంచితే ఏదో ఒక గడి కొంచెం రంగు మారుతుంది, టెన్షన్ మొదలవుతుంది.

కల్చర్ శాంపిల్ వీలైతే సోమవారం నుంచి శుక్రవారం లోపు పొద్దున్నే ఇవ్వండి. శనివారం సాయంత్రం ఇస్తే చిన్న ల్యాబుల్లో ఆదివారం ప్లేటు చూసే మనిషి ఉండకపోవచ్చు. శనివారం రాత్రే మంట మొదలైతే సోమవారం దాకా ఆగకండి. ఆదివారం కూడా ల్యాబు నడిచే ఆసుపత్రికి వెళ్ళి, శాంపిల్ ఇచ్చాకే మందు మొదలుపెట్టండి.